చెత్తబండి గాయని

మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే మా రేవు ఊళ్ళోకి చెత్తబండి వస్తుంది. చేపల మార్కెట్ పక్కన మలుపు తిరగగానే దాని నెత్తిమీది మైకు పాట అందుకుంటుంది. "రండి రండి, మూట కట్టి తెండి, ఊరంతా అద్దంలా మెరవాలండీ" అని ఒక పడుచు గొంతు తీయగా, మరీ తీయగా పిలుస్తుంది. పాట వెనకాలే వాసన వస్తుంది. నిన్నటి చేప తలలు, పులిసిన అన్నం, పసిపిల్లల డైపర్లు, అన్నీ కలిసి ఊరిన వాసన.

ఆ గొంతు నాగుమో త్సుయాకోది. పాడిననాడు ఆవిడకి ఇరవై రెండేళ్ళు, ఇప్పుడు డెబ్బై నాలుగు. టేపు పోయి క్యాసెట్ వచ్చింది, క్యాసెట్ పోయి వేలెడంత చిప్ ఏదో వచ్చింది. బండ్లు మారాయి, మేయర్లు మారారు. ఆ గొంతు మాత్రం ముసలిది కాలేదు. వారానికి రెండుసార్లు ఆవిడ కిటికీలు బిగించుకుని కూర్చుంటుంది. బిగించినా వినపడుతుంది.

"త్సుయాకో గారూ, మీ బండి వచ్చేసిందండోయ్!" అని వీధి సంఘం పెద్ద కనెమరు గారు కేకేస్తాడు. ఆయన పోస్టాఫీసులో రిటైరయ్యాక జనం చెత్త తనిఖీ చేయడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. తన హాస్యం ఇన్నేళ్ళకీ ఆయనకు పాతబడలేదు. త్సుయాకో నవ్వదు. పురుగును చూసినట్టు చూసి లోపలికి పోతుంది.

వాళ్ళది సోయా సాస్ తయారుచేసే ఇల్లు. తండ్రి గొన్‌పెయి పెద్ద పెద్ద చెక్క పీపాల మధ్య పుట్టి, వాటి మధ్యే ముసలివాడైన మనిషి. పదహారేళ్ళ వయసులో త్సుయాకో దగ్గరి పట్నం మత్సుయామలో ఒక పెద్ద దుకాణం మేడ మీద జరిగిన పాటల పోటీలో గెలిచింది. టోక్యో నుంచి వచ్చిన ఏజెన్సీ యజమాని అక్కడికక్కడే ఆమె పేరు తీసేసి హోషిమి రేయిక అన్నాడు. వయసు ఒక ఏడాది తగ్గించాడు. నవ్వు బాగాలేదని కొత్త నవ్వు నేర్పాడు. నారింజలకు పేరుమోసిన జిల్లా పిల్ల కాబట్టి నారింజ పెట్టె మీద నిలబడి పాడాలన్నది కూడా ఆయన తెలివే.

అలా నాలుగేళ్ళు పెట్టె మీద నిలబడింది. రికార్డుల దుకాణాల ముందు, జూదం హాళ్ళ ముందు, క్యాబరేలలో. గ్రీన్ రూమ్ అంటే చాలా చోట్ల మరుగుదొడ్డే. గౌను అంచు తడి నేలకు తగలకుండా పళ్ళతో పట్టుకుని బట్టలు మార్చుకునేది. ఒక్కోసారి అక్కడే, గోడ వైపు తిరిగి, అన్నం ముద్ద మింగేది. పాట అయ్యాక వరసగా చేతులు కలపాలి. సారా చేతులు, చేపల చేతులు, వదలని చేతులు. హోటల్‌కి వచ్చి గిన్నెలు తోమే పీచుతో అరచేతులు రుద్దుకునేది.

ఇంత రోతనూ ఎందుకు భరించిందంటే, రికార్డులు అమ్ముడుపోయేవి. అదీ సొంత జిల్లాలో. "నిన్ను నీ ఊరు నెత్తిన పెట్టుకుందే పిల్లా" అని యజమాని ప్రతి నెలా చెప్పేవాడు. హాస్టల్లో పక్క గదుల పాటల అమ్మాయిలు కుళ్ళుకునేవారు. రాత్రి పడుకునే ముందు ఆమె తలుచుకునేది అదొక్కటే. నా ఊళ్ళో ప్రతి ఇంట్లో నా పాట మోగుతోంది.

తర్వాత ఒక చలికాలం గొన్‌పెయికి పక్షవాతం వచ్చింది. అదే చలికాలం రికార్డుల అమ్మకం ఆగిపోయింది. ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు? మరో రెండేళ్ళు ఎక్కే స్టేజీ దిగే స్టేజీగా లాక్కొచ్చాక ఏజెన్సీ ఆమెను వదిలించుకుంది. పోతూ పోతూ చివరి పని ఒకటి అంటగట్టింది. ఆమె సొంత ఊరివాళ్ళకే, చెత్తబండి పాట.

ఇంటికొచ్చిన వారానికి పాత పీపా ఒకటి కావాల్సి వచ్చి వెనక కొట్టు తలుపు తీసింది. నేల నుంచి దూలం దాకా తన ముఖమే. కట్టలు విప్పని రికార్డులు. అట్టలకు బూజు పట్టి, ఎలుకల పెంటికలు రాలి, పాడుబడ్డ సోయా కంపులో నారింజ పెట్టె మీద నిలబడి వేలసార్లు నవ్వుతోంది హోషిమి రేయిక. కొన్నిటిని పనివాళ్ళు అప్పటికే ఊరగాయ జాడీల మీద మూతలుగా వాడుకుంటున్నారు.

గొన్‌పెయి మంచం మీద నుంచి వంకర తిరిగిన నోటితో ఒక్క మాటే అన్నాడు. "నువ్వు సంతోషంగా ఉంటావని, తల్లీ."

ఆమె పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. ఆ తర్వాత తండ్రికి గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది, పోయేదాకా సేవ చేసింది. కానీ ఆయన ముఖంలోకి మాత్రం ఇక చూడలేదు. ఊరు నెత్తిన పెట్టుకోవడమేమిటి, ఊరు తనను ఒక్కసారి కూడా వినలేదు. విన్నది చెత్తబండిలోనే.

పెళ్ళయింది, మొగుడు ఇల్లరికం వచ్చి మంచివాడిగా బతికి మంచివాడిగా పోయాడు. కొడుకు తెత్సుహికొ చేపల వడల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కోడలు విడాకులు పుచ్చుకుని ఒసాకా వెళ్ళిపోతే, మనవరాలు కొతొహ నానమ్మ చేతుల్లోనే పెరిగింది.

ఆ కొతొహకే పాట పిచ్చి పట్టింది. ఎలా పట్టిందో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ పిల్లప్పుడు చెత్తబండి వస్తే చాలు, చెప్పులు కూడా లేకుండా దాని వెనకాల పరుగెత్తేది. "మా నానమ్మ పాడుతోంది!" అని అరుస్తూ ఆ కంపులో గంతులేసేది. బండివాళ్ళు చప్పట్లు కొట్టేవారు. త్సుయాకో వెళ్ళి రెక్క పట్టుకుని లాక్కొచ్చి కాళ్ళు కడిగేది. కడుగుతూ, "అది పాట కాదే, పీడ" అనేది. పిల్ల వింటేగా.

పదిహేడేళ్ళకు కొతొహ మత్సుయామలో పది మంది అమ్మాయిల పాటల జట్టులో చేరింది. ఇప్పటి పద్ధతి వేరు. నచ్చిన అమ్మాయి ముఖం ఉన్న సీడీ కొంటే లోపల ఒక చీటీ ఉంటుంది. చీటీ ఇస్తే అమ్మాయి చేయి కాసేపు పట్టుకోవచ్చు, ఆ చీటీయే ఆ అమ్మాయికి ఓటు కూడా. పది సీడీలు కొన్నవాడికి పది ఓట్లు. పాట ఎవడూ వినడు, అది అందరికీ ఫోన్లో ఊరికే దొరుకుతుంది.

త్సుయాకో ఒకే ఒక్కసారి వెళ్ళి చూసింది. తడి చంకల మగవాళ్ళ బారు. కొతొహ ఒక్కొక్కడి చేయినీ రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "మళ్ళీ వచ్చారా! నాకు తెలుసు మీరొస్తారని!" అంటోంది. పక్కన నిలబడ్డ కుర్రాడి పని, సమయం కాగానే మనిషిని భుజం పట్టి ఊడబీకడం. ఊడివచ్చిన వాళ్ళలో ఒకడు గోడ దగ్గరకు పోయి అరచేయి ముక్కుకు ఆనించుకుని వాసన చూసుకున్నాడు. త్సుయాకోకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. బయటికొచ్చి కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఆవిడ ఎవరినీ ముట్టుకోలేదు.

అయినా వద్దనలేదు. ఎందుకంటే ఈసారి ఓట్లలో కొతొహ మొదటి స్థానంలో వచ్చింది. వెంటనే టోక్యో పెద్ద ఏజెన్సీ వాళ్ళు కబురు పెట్టారు. బడి మానేసి రావాలి, ఆదివారం ఒప్పందం, సంతకం బదులు తండ్రి ముద్ర కావాలి. ఇంటి ముద్ర ఉండేది త్సుయాకో సొరుగులో. "అమ్మ ఒప్పుకుంటేనే వేస్తాను" అన్నాడు తెత్సుహికొ, తల గోక్కుంటూ.

ఆవిడ రెండు వారాలుగా ఆ సొరుగు తీస్తోంది, మూస్తోంది. ఆ రోత ఆవిడకి తెలుసు. కానీ మొదటి స్థానం అంటే, జనం ఎవరో, ఎక్కడివాళ్ళో, ఈ పిల్లను నిజంగానే కోరుకుంటున్నారన్నమాట. నాకు దొరకనిది దీనికి దొరికిందేమో. దొరికితే దాన్ని ఆపడానికి నేనెవర్ని? అలా అనుకుని, శుక్రవారం పొద్దున ముద్ర తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. టిఫిన్ దగ్గర కొడుకు చేతిలో పెట్టేద్దామని.

పొయ్యి మీద మిసో సూప్ పెట్టిందో లేదో కనెమరు గారి కేక.

"త్సుయాకో గారూ! ఒకసారి ఇలా వస్తారా! బండి కాదు, ఇంకా పెద్ద విషయం!"

ఆ వారం చెత్త చోటు దగ్గర కాపలా వంతు త్సుయాకో ఇంటిదే. చీపురు పట్టుకుని వెళ్ళింది. కాకులు పీకకుండా కప్పిన వల కింద వీధివాళ్ళ మూటలు పద్ధతిగా ఉన్నాయి. పక్కన విడిగా, నిండు గర్భిణుల్లాంటి పారదర్శకపు సంచులు నాలుగైదు. మూట మీద రాయాల్సిన ఇంటి నంబరు వాటి మీద లేదు.

"పక్క వీధివాళ్ళు ఇప్పుడే మోసుకొచ్చి పడేసి పోయారు" అన్నాడు కనెమరు. "వాళ్ళ చోట్లో ఎవడో దొంగతనంగా పెట్టాడట. 'మీ వీధి పిల్ల ముఖం ఉంది, మీ చెత్తే' అన్నారు. నేనెంత వాదించినా వినలేదు. చూడండి మరి."

చూసింది. సంచి నిండా కొతొహ. పసుపు గౌనులో, చెంప మీద వేలు పెట్టుకుని నవ్వుతున్న కొతొహ. ప్రతి సీడీ డబ్బా తెరిచి ఉంది. చీటీ తీసుకుని మిగతాది పారేశారు. సంచి అడుగున ఏదో కారి కింది వరస జిగురుగా అతుక్కుంది.

"ఛీ!" అంది త్సుయాకో. "ఎవడో ఆ బారులో నిలబడే పిశాచం. చేయి నాకడానికి చీటీ కావాలి, పిల్ల పాట మాత్రం పెంటలోకి. వీళ్ళ చేతులు పడిపోను!"

"అది సరేనండీ, ఇవాళ కాలే చెత్త మాత్రమే తీసుకెళ్ళే రోజు" అన్నాడు కనెమరు, అసలు బాధ అదే అన్నట్టు. "ఇవి ప్లాస్టిక్. బండివాళ్ళు ముట్టుకోరు. కాబట్టి ఇవి మీ ఇంటికే..." అంటూ ఆగి, ఒక సీడీ ఎండకు పట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది. "కానీ భలే మెరుస్తోందండీ! కాకులకు మెరిసేది చూస్తే చచ్చేంత భయం. ఓ పది పన్నెండు ఇక్కడ దారాలకు కట్టేస్తే? అట్టతో సహా కడదాం, మన వీధి పిల్లకు ప్రచారం కూడానూ!"

జవాబు కోసం చూడకుండా జేబులోంచి దారం ఉండ తీశాడు. అలాంటివాడి జేబులో దారం లేకుండా ఎలా ఉంటుంది?

త్సుయాకో ఆయన మాట వినడం లేదు. వంగి సంచి మూతిని చూస్తోంది. మూతిని రెండు మెలికలు తిప్పి, కొసను వెనక్కి మడిచి, మడత లోంచి లాగి బిగించిన ముడి అది. సోయా పీపాల మీద గడ్డి తాడు వేసేటప్పుడు గొన్‌పెయి వేసే ముడి. ఎంత ఊగినా వదలదు, కొస లాగితే ఒక్కసారిగా విడుతుంది. ఊళ్ళో మిగతా ఇళ్ళవాళ్ళు మామూలు ముడి వేస్తారు. గొన్‌పెయి దాన్ని కూతురికి నేర్పాడు. మంచాన పడ్డాక, పక్కన కూర్చున్న పసి మనవడు తెత్సుహికొకి పనిచేసే ఒక్క చేత్తో నేర్పాడు.

ఆవిడ రెండో సంచి చూసింది. అదే ముడి. మూడోదీ అంతే. కొస పట్టుకుని లాగింది. ఒక్కసారిగా విడింది.

తలకొట్టేసినట్టయింది. ఇంతసేపూ ఎవడో బారులో నిలబడే వాడని తిట్టిన తిట్లన్నీ నోట్లోకి తిరిగొచ్చి, కుళ్ళిన రొయ్య కొరికినట్టు అనిపించింది. చీపురు అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది.

తెత్సుహికొ, కొతొహ టిఫిన్ బల్ల దగ్గర ఉన్నారు. సూప్ పొంగి పొయ్యంతా పారింది, ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

"పక్క వీధిలో పెట్టొచ్చావా?" అంది త్సుయాకో.

తెత్సుహికొ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. అబద్ధం ఆడటం వాడికి చిన్నప్పటినుంచీ రాదు. చెవులు ఎర్రబడిపోతాయి.

"ఫ్యాక్టరీకి పోతూ రోజుకో సంచి అక్కడక్కడా పెడుతున్నానమ్మా. నిన్న అన్నీ ఒకేచోట పెట్టేశాను. కారులో జాగా లేక."

"కారులో జాగా లేక!" ఆవిడ అరిచింది. "ఆ కొట్టులో నువ్వు ఆడుకోలేదా? నా మొహం ఎలుకలు తింటుంటే నువ్వు చూడలేదా? మీ తాత నన్నెంత నాశనం చేశాడో ఈ ఇంట్లో నీకు చెప్పని రోజుందా? తెలిసీ తెలిసీ ఆ పెంటే మళ్ళీ తొక్కుతావా!"

"తాత నాశనం చేశాడని నువ్వంటావు" అన్నాడు తెత్సుహికొ బల్లకేసి చూస్తూ. "నాకు మాత్రం తాత ఏడుస్తూ ముడి నేర్పడమే గుర్తుందమ్మా. 'మీ అమ్మ ఆ నాలుగేళ్ళూ నవ్వింది రా' అనేవాడు."

"నవ్వు! ఆ నవ్వు కూడా వాళ్ళు నేర్పిందేరా!" అని మనవరాలి వైపు తిరిగింది. ఇది చెప్పడం పిల్ల గుండె కోయడమేనని ఆవిడకి తెలుసు. తన గుండె కోసిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. అందుకే గొంతు తగ్గించి, పక్కన కూర్చుని, చేయి పట్టుకుంది. "అమ్మా కొతొహా, నువ్వు మొదటి స్థానంలో రాలేదు తల్లీ. ఆ ఓట్లు జనానివి కావు. మీ నాన్నవి."

కొతొహ నట్టో కలుపుకుంటోంది. పులిసిన సోయా గింజల జిగురు తీగలు తీగలుగా సాగుతుంటే, వాటిని చాప్‌స్టిక్స్‌తో చుట్టి నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది.

"నాకు తెలుసు నానమ్మా. నేనే కొనమన్నాను."

త్సుయాకో చేయి జారిపోయింది.

"అందరి ఇళ్ళల్లో అంతే" అంది కొతొహ, చిన్నపిల్లకు నచ్చచెప్పినట్టు. "రెండో స్థానం పిల్ల వాళ్ళింట్లో స్నానాల తొట్టి నిండా సీడీలే. ఇంటిల్లిపాదీ రెండు నెలలుగా డబ్బులిచ్చి వీధి స్నానశాలకు పోతున్నారు. టోక్యో వాళ్ళకు తెలీదనుకున్నావా? వాళ్ళు చూసేది అదే. ఈ పిల్ల వెనక ఎంత దూరమైనా వచ్చేవాళ్ళు ఒక్కళ్ళైనా ఉన్నారా లేరా అని. నువ్వు ఊరికే ఫీలవుతావు."

"నీకు అసహ్యం వేయడం లేదూ?"

"దేనికి?"

ఆ పిల్ల నిజంగా అర్థంకాకే అడిగింది. పెద్ద పెద్ద కళ్ళతో, బారులో నిలబడ్డ మగవాళ్ళను చూసినట్టే, నానమ్మను చూస్తూ. త్సుయాకోకు ఆ చూపు చూస్తే ఆ పొద్దున చూసిన సంచుల కన్నా ఎక్కువ రోత పుట్టింది. తను పెరట్లోకి పరుగెత్తి కక్కింది. ఈ పిల్ల నట్టో తింటోంది.

"ముద్ర ఇవ్వను" అంది. జేబులో పిడికిలి బిగించి. "నా ప్రాణం పోయినా ఇవ్వను. బడి మానేది లేదు, టోక్యో లేదు."

తెత్సుహికొ తల ఊపాడు. ఎందుకో వాడి ముఖంలో భారం దిగినట్టయింది.

"పోనీలే నానమ్మా" అంది కొతొహ నోరు తుడుచుకుంటూ. "ఏప్రిల్‌లో నాకు పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు నా ముద్ర నేనే వేసుకోవచ్చు. వాళ్ళు ఆగుతామన్నారు, అడిగాను."

అప్పుడే చేపల మార్కెట్ మలుపులో పాట మొదలైంది. రండి రండి, మూట కట్టి తెండి.

"అయ్యో, చెత్త!" అని కొతొహ లేచింది. వంటింటి మూట అందుకుని, మూతిని రెండు మెలికలు తిప్పి, కొస వెనక్కి మడిచి లాగింది. చిన్నప్పటిలా చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది.

త్సుయాకోకు కనెమరు దారాలు గుర్తొచ్చాయి. పిల్ల చూస్తుంది. తెలియడం వేరు, చూడడం వేరు. చెత్త మీద, కంపులో, కాకులను తోలడానికి వేలాడగట్టిన తన ముఖాన్ని కళ్ళారా చూస్తే అప్పుడైనా తెలుస్తుంది. తెలియాలి. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. ఓదార్చడానికి చేతులు కూడా సిద్ధంగా ఉన్నాయి.

స్తంభానికీ గోడకూ మధ్య కట్టిన దారం మీద పది పన్నెండు మంది కొతొహలు గాలికి గిర్రున తిరుగుతున్నారు. కింద చేప తలల మూటలు. పైన తీగల మీద కాకులు దూరంగా కూర్చుని చూస్తున్నాయి. కనెమరు గారు నడుం మీద చేతులు వేసుకుని తన పనితనం చూసి మురిసిపోతున్నాడు.

కొతొహ మూట వల కిందికి తోసి, తలెత్తి చూసింది. అలాగే నిలబడిపోయింది.

కొతొహ ముందుకు వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, వెనక్కి తిరిగిన ఒక అట్టను పట్టుకుంది. దాన్ని ముఖం రోడ్డు వైపుకు వచ్చేలా తిప్పింది. పక్కదాన్నీ తిప్పింది. ఒకటి వంకరగా ఉంటే సరిచేసి, కనెమరు చేతిలోంచి దారం తీసుకుని మెలిక వేసింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి తల ఓ పక్కకు వాల్చి చూసుకుంది. బండి దిగిన మనుషులు "ఓహో!" అన్నారు. ఆ పిల్ల వాళ్ళ వైపు తిరిగి, చెంప మీద వేలు పెట్టుకుని నవ్వింది.

త్సుయాకో జేబులో ముద్ర ఇంకా పిడికిట్లోనే ఉంది. ఏప్రిల్ దాకా అక్కడే ఉంచుకోవచ్చు. తలుపు వేసి, కిటికీలు బిగించి, మాడిన పొయ్యి తుడవడానికి కూర్చుంది. బయట ఇరవై రెండేళ్ళ గొంతు మూటలు తెమ్మని పిలుస్తూనే ఉంది.